కాలవ గట్టు మీద సముద్రం దాకా

మా ఇంటి నుంచి కనాల్ ద్యు మిది అనే పాత పడవల కాలవ రెండు వీధుల అవతలే. విమానాల పని మీద ఫ్రాన్స్ వచ్చి తులూజ్ ఊళ్ళో స్థిరపడ్డ మనవాళ్ళకి ఆ గట్టు వాకింగ్ ట్రాక్. సాయంత్రం పూట అటు వెళ్తే ఎక్కడో ఒకచోట తెలుగు వినబడుతుంది. చాలావరకు ఫోన్లో, అదీ చాలావరకు స్థలాల రేట్ల గురించి. ఆ కాలవ అలాగే తూర్పుగా 240 కిలోమీటర్లు వెళ్ళి మధ్యధరా సముద్రం పక్కన తేలుతుందని అందరికీ తెలుసు. పోయి చూసినవాళ్ళు మాత్రం తక్కువ.

ఫ్రాన్స్‌లో మే నెల అంటే సెలవుల నెల. ఒకటో తారీఖు, ఎనిమిదో తారీఖు, ఆ తర్వాత గురువారం నాడు వచ్చే క్రైస్తవుల అసెన్షన్ పండగ. మధ్యలో ఒక్క శుక్రవారం లీవు పెడితే చాలు, సెలవులన్నీ అతుక్కుపోతాయి. అలా అతుక్కున్న రోజులు చూసుకుని ముగ్గురం బయల్దేరాం. ఒకరు అక్క. విశాఖ ఆవిడ, యాభై దాటాయి, మాలో ఎవరికీ బంధువు కాదు, అందరికీ అక్క. గుడ్డు తింటుంది, మాంసం ముట్టదు. బ్యాటరీ సైకిలు. రెండోవాడు వరంగల్. అసలు పేరు వేరే ఉంది కానీ ఇక్కడ ఆ పేరున్నవాళ్ళు మరీ ఎక్కువైపోయి ఊరి పేరుతో పిలుస్తాం. వాడిది కార్బన్ ఫ్రేం, సన్న టైర్లు, కాళ్ళకి షేవింగ్, అంతా రేసు వ్యవహారం. నన్ను కోనసీమ అంటారు. నాది సెకండ్ హ్యాండ్‌లో కొన్న స్టీలు సైకిలు, లావు టైర్లు, వెనక క్యారియర్‌కి రెండు సంచులు.

బయల్దేరే ముందే నేనొక షరతు పెట్టాను. ఆ కాలవలోకి నీళ్ళు ఎక్కణ్ణించి వస్తున్నాయో చూడకుండా సముద్రానికి పోయేది లేదని. దాని కోసం దారి తప్పించి కొండవైపు వెళ్ళాలి. వరంగల్ మొహం మాడ్చుకున్నాడు. అక్క మాత్రం "పోనీలే, వాడికి కాలవల పిచ్చి" అంది.

పిచ్చే. అమలాపురం పక్క పుట్టినవాడికి కాలవ ఉండదా ఇంటి ముందు! మాకు నీళ్ళు ధవళేశ్వరం నుంచి వస్తాయి. 1847లో మొదలెట్టి 1852కి కాటన్ దొర ఆనకట్ట కట్టించాడని, ఆయన విగ్రహం లేని ఊరు మా వైపు తక్కువని చిన్నప్పుడే వంటబడుతుంది. ఆ కాలవలు పొలాలకీ పడవలకీ కలిపి తవ్వినవి. పడవకి తాడు కట్టి గట్టు మీద నడుస్తూ మనుషులు లాగేవారని మా తాతయ్య చెప్పేవాడు. లాకుల దగ్గర, అంటే నీళ్ళు నింపీ వదిలీ పడవని ఎక్కించి దించే తలుపుల గదుల దగ్గర, పడవ ఆగితే జీళ్ళు కొనుక్కునేవాళ్ళట. మా ఊళ్ళలో కాలవ ఎప్పుడూ ఎగువ నుంచి దిగువకే. నది పైన ఉంటుంది, పొలం కింద ఉంటుంది, అంతే లెక్క.

ఇక్కడి లెక్క వేరు. అట్లాంటిక్ వైపు పారే గరోన్ నది నుంచి మధ్యధరా దాకా కాలవ తవ్వాలంటే మధ్యలో మెరక దాటాలి. ఆ మెరక పేరు నొరూజ్, సముద్రమట్టానికి 189 మీటర్లు. అటునుంచి లాకుల్లో పడవ ఎక్కాలి, ఇటు దిగాలి. పడవ దాటిన ప్రతిసారీ ఒక లాకు నిండా నీళ్ళు దిగువకి పోతాయి. అంటే ఎక్కడైతే నది లేదో సరిగ్గా అక్కడే, ఎండాకాలంతో సహా ఏడాది పొడుగునా నీళ్ళు ఉండాలి. రెండు సముద్రాలు కలపాలన్న ఆలోచన రాజులకి ఎప్పణ్ణించో ఉంది. మెరక మీదకి నీళ్ళు తెచ్చే ఉపాయం మాత్రం ఎవరికీ తట్టలేదు. తట్టింది పియేర్ పోల్ రికే అనే ఉప్పు పన్ను వసూలుదారుకి. ఇంజనీరు కాదు. 1666లో పద్నాలుగో లూయీ అనుమతి ఇచ్చాడు. 1681లో కాలవ తెరిచారు. రికే అంతకు కొన్ని నెలల ముందే, 1680లో పోయాడు, మెడ దాకా అప్పుల్లో.

తులూజ్ నుంచి మొదటి యాభై కిలోమీటర్లు తారు దారి. ఇరువైపులా ప్లేన్ చెట్లు, పచ్చటి నీడ, నీళ్ళ అంచున పసుపు ఐరిస్ పూలు. చదును చూసి తేలిక అనుకుంటారు గానీ, మేము వెళ్ళిన రోజు ఓతాన్ గాలి లేచింది. ఆగ్నేయం నుంచి వీచే పొడి గాలి. అది తిరిగితే మనుషులకి మతి చెడుతుందని ఇక్కడివాళ్ళ నమ్మకం. మేము పోయేది కూడా ఆగ్నేయానికే. కొండ ఎక్కితే కనీసం అటువైపు దిగుడు ఉంటుంది, ఎదురుగాలికి అదీ లేదు. వరంగల్ ముందుండి గాలి కాశాడు, వాడి వెనక నేను. అక్క బ్యాటరీ ఒక మెట్టు పెంచి ఇద్దర్నీ దాటి వెళ్ళిపోయింది. "ఏందిరా భయ్, గీ కరెంటు బండి ముందు మన ఇజ్జత్ పోయింది" అన్నాడు వరంగల్.

గుంపుగా సైకిల్ మీద వెళ్ళేవాళ్ళకి కాలవలాంటి దారి ఇంకోటి లేదని నా అభిప్రాయం. కొండదారిలో బలం ఉన్నవాడు ముందు పోతాడు, లేనివాడు ఒంటరివాడవుతాడు, మధ్యాహ్నం భోజనం దగ్గర మాటలు తగ్గుతాయి. గట్టు మీద ఎవరూ తప్పిపోరు. ఎడమకో కుడికో తిరిగేదే లేదు కాబట్టి మ్యాప్ గొడవ లేదు. లాకు వస్తే అందరూ ఆగుతారు. ప్రతి లాకు మనిషి ఇంటి గోడకీ ఒక పలక ఉంటుంది, దాని మీద ఇటు లాకు ఎంత దూరం, అటు లాకు ఎంత దూరం అని మీటర్లతో సహా చెక్కి ఉంటుంది. "తర్వాతి లాకు దగ్గర కలుద్దాం" అనుకుంటే సరిపోయేది.

లాకులు నన్ను చాలాసేపు నిలబెట్టాయి. మా వైపు లాకు గోడలు తిన్నగా ఉంటాయి. ఇక్కడివి కోలగా, మధ్యలో ఉబ్బి ఉంటాయి. కట్టిన తొలిరోజుల్లో తిన్నటి గోడ ఒకటి మట్టి ఒత్తిడికి కూలిపోతే, రికే గోడల్ని వంపు తిప్పించాడు. పక్కకి పడుకోబెట్టిన ఆర్చి అన్నమాట, మట్టి ఎంత తోస్తే అంత బిగుసుకుంటుంది. తలుపులు ఇప్పుడు కరెంటు మీద నడుస్తున్నాయి. ఒక లాకు మనిషితో నా వచ్చీరాని ఫ్రెంచిలో మా ఊళ్ళోనూ లాకులున్నాయని చెప్పాను. ఎప్పటివి అని అడిగాడు. 1850ల నాటివన్నాను. "ఓ, కొత్తవే" అన్నాడు. ఇంతలో భోజనం వేళయిందని గదికి తాళం వేసి వెళ్ళిపోయాడు. కింద అద్దె పడవల్లో ఉన్నవాళ్ళు తాళ్ళు కట్టేసి వాళ్ళూ సీసాలు తెరిచారు. ఇక్కడ పడవ అద్దెకి తీసుకోవడానికి లైసెన్సు అక్కర్లేదు. ఆ సంగతి గోడలకి తగిలే శబ్దాల్ని బట్టి తెలుస్తూనే ఉంటుంది.

నొరూజ్ దగ్గర చూడ్డానికి పెద్దగా ఏమీ లేదు. చెట్ల వరస, రికే వారసులు 1827లో నిలబెట్టిన రాతి స్తంభం, పక్కన నీటి చప్పుడు. ఆ చప్పుడే అసలు సంగతి. ఉత్తరం నుంచి ఒక సన్న కాలవ వచ్చి పెద్ద కాలవలో కలుస్తుంది. కలిసిన నీళ్ళలో కొన్ని అట్లాంటిక్‌కి, కొన్ని మధ్యధరాకి. నేను ఒక ఎండుటాకు వేసి ఎటు పోతుందో చూశాను. అటూ ఇటూ కాకుండా గట్టుకి అంటుకుంది. అక్క నవ్వి, "నీకులాగే రెండు దేశాల మధ్య ఇరుక్కుంది" అంది.

ఆ సన్న కాలవ పేరు రిగోల్ ద ల ప్లేన్, పైకి దాదాపు 38 కిలోమీటర్లు. దాని గట్టు పట్టుకుని రెవెల్ వైపు వెళ్ళాం. ఈ దారి గురించి సైకిల్ వాళ్ళు ఎందుకు తక్కువ మాట్లాడుకుంటారో నాకు అర్థం కాదు. మనిషి పట్టేంత బాట, పక్కనే గలగలా నీళ్ళు, అవతల గోధుమ చేలల్లో ఎర్రటి పాపీ పూలు. వాలు ఎంత తక్కువంటే ఎక్కుతున్నామని కాళ్ళకి తెలియదు. నీటిమట్టం చూసుకుంటూ కొండ వంపులన్నీ తిరుగుతూ తవ్వారు కాబట్టి నేరుగా పది నిమిషాల్లో చేరే ఊరికి అరగంట పడుతుంది. దారి పొడుగునా వరంగల్ గొణుగుతూనే ఉన్నాడు. బురద తగిలిన చోటల్లా వాడి సన్న టైర్లు జారాయి. ఆ రోజు పంక్చర్లన్నీ వాడివే.

ఈ ప్రాంతాన్ని లొరగే అంటారు. 15, 16 శతాబ్దాల్లో ఇక్కడ పాస్టెల్ అనే ఆకు పండించి నీలం రంగు తీసేవారు. తులూజ్‌లో ఇప్పుడు కనిపించే పాత మేడలు చాలావరకు ఆ డబ్బుతో కట్టినవే. తర్వాత మతయుద్ధాలొచ్చాయి, ఇండియా నుంచి నీలిమందు వచ్చింది, ఆ వ్యాపారం కుప్పకూలింది. ఈ కథ చెప్తే వరంగల్, "అంటే వీళ్ళను మనమే ముంచినమా?" అని ఆ రోజు మొదటిసారి నవ్వాడు.

రెవెల్‌లో శనివారం సంత. నాలుగు వీధుల మధ్య 14వ శతాబ్దపు కొయ్య దూలాల మండపం, దాని కింద మేక పాల చీజులు, వెల్లుల్లి జడలు, స్ట్రాబెర్రీలు. అక్క అక్కడ బ్రెడ్డూ టమాటాలూ కొని, సంచిలోంచి ఆవకాయ తీసి మధ్యాహ్నానికి ఏర్పాటు చేసింది. పల్లెల్లో తిరిగేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి. పన్నెండున్నర దాటితే కొట్లు మూస్తారు, మళ్ళీ మూడుకో నాలుగుకో తీస్తారు. హోటల్లో రెండు తర్వాత భోజనం అడిగితే మీకేదో జబ్బు చేసినట్టు చూస్తారు. సోమవారమైతే రొట్టెల కొట్టు కూడా ఉండకపోవచ్చు. కొట్లోకి అడుగుపెట్టగానే ముందు "బోంజూర్" అనాలి, తర్వాతే ఏదైనా. అది అనకుండా "రెండు బగెట్లు" అంటే రొట్టెలొస్తాయి గానీ మొహం రాదు.

ఊరి నుంచి కాస్త ఎక్కితే సాన్ ఫెరియోల్ జలాశయం. 1667లో మొదలుపెట్టిన కట్ట, 35 మీటర్ల ఎత్తు. మోంతాన్యె న్వార్ కొండల్లో పడ్డ వాన ఇక్కడ ఆగి, మేము వచ్చిన ఆ సన్న కాలవలో దిగి నొరూజ్ చేరుతుంది. యంత్రాలు లేవు, సిమెంటు లేదు. పని జోరుగా సాగిన రోజుల్లో కాలవ మొత్తం మీద పన్నెండు వేల మంది దాకా ఉన్నారు, ఆడవాళ్ళు బుట్టల్లో మట్టి మోశారు. రికే వాళ్ళకి నెల జీతం ఇచ్చాడు. వాన రోజులకీ ఆదివారాలకీ జబ్బు పడిన రోజులకీ కోత లేదు. 17వ శతాబ్దంలో! మట్టి పని చేయించేవాడు వాన రోజు కూలి ఇచ్చాడంటే మా తాతయ్య నమ్మడు. కట్ట మీద కూర్చుని ఇవన్నీ చెప్తుంటే కింద ఇసుకలో పిల్లలు ఈత బట్టల్లో పరిగెడుతున్నారు. వరంగల్ చొక్కా విప్పి నీళ్ళలో దూకాడు, దూకినంత వేగంగానూ బయటికొచ్చాడు. మే నెలలో కొండ నీళ్ళు అంతే మరి.

చిన్న రోడ్ల మీద కాస్టెల్‌నొదరీ దిగాం. కసూలే పుట్టిల్లు ఇదేనంటారు. తెల్ల చిక్కుడు గింజలు, పంది మాంసం, బాతు కాలు, సాసేజీ, అన్నీ కలిపి మట్టి మూకుట్లో గంటల తరబడి ఉడికిస్తారు. వరంగల్ మూకుడు మొత్తం లాగించి, ఆ సాయంత్రం కాలవ పక్క గడ్డిలో పడుకుని లేవలేదు. అక్కకి మళ్ళీ ఆమ్లెట్. ఆవిడ ఫ్రాన్స్‌లో తిన్న ఆమ్లెట్లకి ఒక కోళ్ళఫారం పెట్టొచ్చు.

కార్కసోన్ కోట గురించి అందరూ రాశారు, నేను రాయను. ఒక్క సంగతి మాత్రం. రికే కాలవ మొదట ఈ ఊళ్ళోంచి పోలేదు. ఖర్చులో వాటా ఇవ్వమంటే ఊరివాళ్ళు ఇవ్వలేదు, కాలవ పక్క నుంచి వెళ్ళిపోయింది. తర్వాత నూరేళ్ళు పైగా బాధపడి, 1810కి మళ్ళీ తవ్వించుకుని ఊళ్ళోకి తెచ్చుకున్నారు. మన దగ్గర రైలు స్టేషన్లకీ బైపాసు రోడ్లకీ జరిగే కథే.

కార్కసోన్ దాటాక చాలాచోట్ల నీడ ఉండదు. ఈ కాలవ వెంట నలభై రెండు వేల ప్లేన్ చెట్లుండేవి. 2006లో వాటికి ఒక శిలీంధ్రపు తెగులు కనబడింది. నీళ్ళలో, వేళ్ళలో, పడవ తాళ్ళు రాసుకున్న గాయాల్లో పాకుతుంది. మందు లేదు. తగిలిన చెట్టునీ దాని చుట్టుపక్కల చెట్లనీ కొట్టి అక్కడే కాల్చేయడమొక్కటే దారి. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా నుంచి వచ్చిన మందుగుండు పెట్టెల చెక్కతో వచ్చిందని చెప్తారు. ఇప్పటికి వేల చెట్లు పోయాయి. మళ్ళీ నాటుతున్నవి ఒకే జాతివి కాకుండా రకరకాలవి, ఒకటి పోయినా మిగతావి ఉండేలా. ఆ మొక్కలు మా భుజం దాకా ఉన్నాయి. మధ్యాహ్నం రెండింటికి నెత్తి మీద ఎండ, పక్కన ద్రాక్షతోటలు, కింద పాత చెట్ల వేర్లు. తారు ఎప్పుడో వెనకబడింది. మేము వెళ్ళేనాటికి ఈ వైపు చాలా దూరం మట్టి బాటే, వేరు మీద నుంచి వేరు మీదకి ఎగురుతూ పోవాలి. అక్క సంచిలో ఆవకాయ సీసా మూత వదులై, వెనకొచ్చే నాకు దారి పొడుగునా ఇంటి వాసన.

అక్కడే నీళ్ళైపోయాయి. ఫ్రాన్స్‌లో తిరిగే సైకిల్ వాళ్ళందరికీ తెలిసిన ఉపాయం ఒకటుంది. ఏ ఊళ్ళోనైనా శ్మశానంలో కుళాయి ఉంటుంది, సమాధుల మీద పూలకుండీలకి పోయడానికి. "తాగడానికి పనికిరాదు" అన్న బోర్డు లేకపోతే సాధారణంగా అవి ఊరి నీళ్ళే. అక్క గేటు బయటే ఆగిపోయింది. "శ్మశానంలో అడుగుపెడితే తలస్నానం చెయ్యాలి, నేను రాను. ఆ నీళ్ళు నాకొద్దు." సరేనని మేమిద్దరం సీసాలు నింపుకున్నాం. ఇంకో గంట ఎండలో తొక్కాక, చెయ్యి చాచి, "ఏదీ, ఆ సీసా ఇలా ఇయ్యి" అంది. ఎక్కడివి అని అడగలేదు. మేమూ చెప్పలేదు.

ఆర్జాన్స్ దగ్గర నుంచి బెజియే ముందు దాకా 54 కిలోమీటర్లు ఒక్క లాకూ లేదు. కాలవ ఒకే ఎత్తు పట్టుకుని కొండల చుట్టూ మెలికలు తిరుగుతుంది. ల సోమాయ్‌లో పాత రాతి వంతెన పక్కన కాఫీ, కాపెస్తాన్‌లో రాత్రి మజిలీ. మర్నాడు మాల్పాస్. ఇంజనీర్లెవరైనా ఈ కాలవ వెంట ఒక్కచోటే ఆగుతామంటే ఇక్కడ ఆగమంటాను. కాలవకి అడ్డంగా కొండ వస్తే, చుట్టూ తిరక్కుండా రికే 1679లో లోపలి నుంచి తవ్వించాడు. పడవల కోసం తవ్విన సొరంగాల్లో ఇదే మొదటిదంటారు. అదే కొండలో ఇంకో ఎత్తులో రైలు సొరంగం. అన్నిటికన్నా అడుగున, 13వ శతాబ్దపు మురుగు సొరంగం.

ఆ మురుగు సొరంగం ఎందుకో చూడాలంటే పక్కనున్న ఆన్సెరూన్ గుట్ట ఎక్కాలి. కింద మోంతాదీ చెరువు. చెరువంటే ఇప్పుడు నీళ్ళు లేవు, 1247లోనే తోడేశారు. గుండ్రటి పల్లం, నడిమధ్యకి నాలుగు దిక్కుల నుంచీ కాలవలు సైకిల్ చక్రం పుల్లల్లా వచ్చి కలుస్తాయి, వాటి మధ్య కోణాకారపు చేలు. నడుమ చేరిన నీళ్ళు ఆ మురుగు సొరంగంలో కొండ కింద నుంచి అవతలకి పోతాయి. ఎనిమిది వందల ఏళ్ళ తర్వాత ఇప్పటికీ! మా ఊళ్ళో ఏటా వానకి చేలు మునిగి, మురుగు కాలవలో గుర్రపుడెక్క తియ్యలేదని ధర్నాలు జరుగుతాయి. నేను ఆ గుట్ట మీద ఎక్కువసేపే నిలబడ్డాను. వరంగల్ కూడా ఈసారి తొందరపెట్టలేదు, డ్రోన్ తేనందుకు తిట్టుకుంటూ ఫోటోలు తీశాడు.

బెజియే దగ్గర ఫోన్సెరాన్ లాకుల మెట్లు. ఎనిమిది గదులు ఒకదాని కింద ఒకటి, మొత్తం ఇరవై ఒక్క మీటర్ల పైన దిగుడు. జనం రాతి గట్ల మీద కూర్చుని పడవల తిప్పలు సినిమా చూసినట్టు చూస్తారు. పక్కనే 1980ల్లో కట్టిన పెద్ద యంత్రం ఒకటుంది. పడవనీ దాని కింద నీళ్ళనీ కలిపి వాలు మీద తోసుకుపోవాలని కట్టారు. ఇబ్బందులు పెట్టి పెట్టి మూలపడింది. 17వ శతాబ్దపు లాకులు పనిచేస్తూనే ఉన్నాయి. ఇంజనీరుగా నేను ఎవరి పక్షమో చెప్పను.

కాలవని చంపింది మాత్రం ఆ యంత్రం కాదు, రైలు. 1857లో అట్లాంటిక్ వైపు బోర్డో నుంచి మధ్యధరా ఒడ్డున సెత్ దాకా రైలు మార్గం పూర్తయింది. ఆ మరుసటి ఏడాదే కాలవని నలభై ఏళ్ళకి లీజుకిచ్చారు. ఎవరికంటే, ఆ రైలు కంపెనీకే. ఇక చెప్పేదేముంది.

బెజియే నుంచి నేల ఉప్పుదేలుతుంది. రెల్లు, ఇసుక, తెల్ల గుర్రాలు, గాలిలో సముద్రం. ఆగ్ద్‌లో మూడు వైపులా తలుపులున్న గుండ్రటి లాకు చూసి, మార్సేయాన్ వైపు తిరిగాం. లెజోంగ్లూ దగ్గర చిన్న లైట్‌హౌసు, అక్కడితో కాలవ అయిపోయి థో ఉప్పు సరస్సులో కలుస్తుంది. వరంగల్ ఆల్చిప్పలు పచ్చివి నిమ్మకాయ పిండుకుని తిన్నాడు. అక్క రెండో వైపుకి తిరిగి కూర్చుంది.

తిరుగు ప్రయాణం ఆగ్ద్ నుంచి రైల్లో. మేము వెళ్ళినప్పుడు ఆ ప్రాంతీయ రైళ్ళలో సైకిల్‌కి టికెట్ లేదు, చోటు దొరకాలంతే. కొక్కేలకి ముందే వేరేవాళ్ళ సైకిళ్ళు వేలాడుతున్నాయి. మావి తలుపు దగ్గర పట్టుకుని, స్టేషన్ వచ్చినప్పుడల్లా దిగేవాళ్ళకి "పార్దోం, పార్దోం" అని చెప్పుకుంటూ నిలబడ్డాం. తులూజ్ నుంచి పడమటివైపు గరోన్ కాలవ మొదలవుతుంది, 193 కిలోమీటర్లు, 1856లో పూర్తి చేశారు, గట్టంతా తారు. వరంగల్ ఫోన్లో అప్పుడే దాని మ్యాపు తెరిచాడు. "అక్కా, సెప్టెంబర్‌లో?" అన్నాడు. "నీళ్ళు ఎక్కణ్ణించి వస్తాయని వీణ్ణి మళ్ళీ కొండెక్కనివ్వకపోతే వస్తాను" అంది అక్క.

గరోన్ నుంచే వస్తాయి. తులూజ్‌లోనే చూపిస్తానన్నాను.